పాపటోయిటోయి గరాజ్‌లో నాష్‌విల్ పాట

బియాన్సే కంట్రీ ఆల్బమ్ చేస్తే అమెరికాలో చాలామంది ‘ఈ పాటతో నీకేం పని?’ అన్నారు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ దక్షిణ శివారు పాపటోయిటోయిలో ఎవరూ ఆ మాట అనరు. అక్కడివాళ్లు అరవై ఏళ్లుగా మెడలో వేసుకుని తిరుగుతున్న పాట ఒకటుంది. దాన్ని రాసినాయనా పాడినాయనా ఇద్దరూ మద్రాసులో పుట్టారు.

2024 ఫిబ్రవరి 12, సోమవారం. పాపటోయిటోయిలో బడులు వదిలే వేళ. అమెరికాలో ఇంకా ఆదివారం రాత్రే, అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ జరుగుతోంది. మధ్యలో వచ్చిన ఒక ఫోన్ కంపెనీ ప్రకటనలో బియాన్సే కనిపించి, ఇక కొత్త పాటలు వదలండని చెప్పింది. చెప్పినట్టే ‘టెక్సాస్ హోల్డెమ్’, ‘16 క్యారేజెస్’ అనే రెండు పాటలు బయటికొచ్చాయి. మొదటిదాంట్లో ముందుగా చెవిన పడేది బాంజో మోత. ఇరవై ఏళ్లకు పైగా పాప్ పాటలతో స్టేడియాలు నింపిన గాయని కంట్రీ పాటకు దిగింది.

గొడవకు వారం కూడా పట్టలేదు. ఓక్లహోమా రాష్ట్రంలో ఏడా అనే చిన్న ఊరు ఉంది. అక్కడి కేవైకేసీ రేడియో స్టేషన్‌కు ఒక శ్రోత ఆ పాట వేయమని రాస్తే, మాది కంట్రీ స్టేషన్, బియాన్సే పాటలు వేయం అని జవాబొచ్చింది. ఆ జవాబు లోకమంతా తిరిగింది. అభిమానులు ఫోన్లతో, మెయిళ్లతో స్టేషన్ మీద పడ్డారు. స్టేషన్‌వాళ్లు పాట మా దగ్గర లేదు కాబట్టి అలా అన్నాం అని చెప్పుకుని, తెప్పించి వేశారు. కొద్దిరోజుల్లోనే అది బిల్‌బోర్డ్ కంట్రీ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఒక నల్లజాతి మహిళ పాట ఆ మెట్టెక్కడం అదే మొదటిసారి. మార్చి 29న ‘కౌబాయ్ కార్టర్’ ఆల్బమ్ వచ్చింది. ఇది కంట్రీ ఆల్బమ్ కాదు, బియాన్సే ఆల్బమ్ అని ఆమే ముందుగా చెప్పేసింది. ఎవరో అనబోయే మాటను తానే అనేయడం అది.

కంట్రీ గురించి రెండు ముక్కలు చెప్పుకుని ముందుకెళ్దాం. అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెల్లో, కొండ ఊళ్లలో పుట్టి, 1920లలో రికార్డులకెక్కి, నాష్‌విల్ నగరాన్ని రాజధాని చేసుకున్న పాట. గిటారు, ఫిడేలు, బాంజో. రైలు, సారాయి, చర్చి, వదిలేసి పోయిన మనిషి. పాటలో కచ్చితంగా ఒక కథ ఉంటుంది. గిటారు కార్డ్స్ చాలావరకు మూడే. ఆ మూడింటితోనే అది సముద్రాలు దాటింది.

గ్రేట్ సౌత్ రోడ్డు మీద

పాపటోయిటోయి మధ్యనుంచి గ్రేట్ సౌత్ రోడ్డు పోతుంది. హంటర్స్ కార్నర్ దగ్గర దిగితే చీరల దుకాణాలు, మిఠాయి కొట్లు, బియ్యం బస్తాలు బయటే పేర్చిన సరుకుల అంగళ్లు. పంజాబీలు ఎక్కువ. వాళ్లకన్నా ముందొచ్చిన ఫిజీ భారతీయులున్నారు. 1987 మే నెలలో ఫిజీలో సైనిక తిరుగుబాటు జరిగాక ఇల్లూవాకిలీ అమ్ముకుని ఇటు వచ్చినవాళ్లలో, 1903 తర్వాత మద్రాసు రేవులో ఓడెక్కి చెరకు తోటలకు పోయిన తెలుగు కూలీల మునిమనవలూ ఉన్నారు. ఆ తర్వాత హైదరాబాదు, విజయవాడల నుంచి చదువులకొచ్చి ఉండిపోయిన కొత్త తెలుగువాళ్లు. పక్క వీధుల్లో మావోరీ, సమోవన్, టోంగన్ కుటుంబాలు. ఆదివారం పొద్దున చర్చి పాట ఒకవైపు, భజన హార్మోనియం మరోవైపు వినపడే ఊరిది.

ఈ రోడ్డుకు యుద్ధం వాసన ఉంది. 1862లో గవర్నర్ జార్జ్ గ్రే సైనికుల చేత దీన్ని దక్షిణానికి పొడిగించాడు. మరుసటి ఏడాది జులైలో బ్రిటిష్ దళాలు ఈ దారినే వైకాటో మావోరీల మీదికి పోయాయి. భూములు పోయాయి. దాదాపు వందేళ్లకు, 1960 ప్రాంతంలో, హోవర్డ్ మోరిసన్ క్వార్టెట్ అనే మావోరీ బృందం ఆ యుద్ధం మీద ఒక పాట చేసింది. పేరు ‘ది బ్యాటిల్ ఆఫ్ ది వైకాటో’. వరస వాళ్లది కాదు. అమెరికాలో జానీ హార్టన్ పాడి ఊపేసిన ‘ది బ్యాటిల్ ఆఫ్ న్యూ ఆర్లియన్స్’ అనే కంట్రీ పాటది. బ్రిటిష్ సైన్యాన్ని అమెరికన్లు తరిమిన కథ ఆ పాట. అదే వరసలో మావోరీలు తమ యుద్ధాన్ని నవ్వుతూ పాడుకున్నారు. ఓడినవాడు గెలిచినవాడి వరస ఎత్తుకుని, నవ్విస్తూనే లెక్క తేల్చుకున్నాడు. కంట్రీ పాటను ఇంత చక్కగా కాజేసిన సందర్భం నాకింకోటి తెలియదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పల్లెల్లోని మావోరీ కుటుంబాలు పని వెతుక్కుంటూ ఆక్లాండ్‌కు కదిలాయి. ఫ్రీజింగ్ వర్క్స్ అని పిలిచే మాంసం ఫ్యాక్టరీలు, రైల్వే వర్క్‌షాపులు, గోదాములు. పక్కనే ఓటారాలో, మాంగెరెలో ప్రభుత్వం కట్టించిన ఇళ్లు. అవి చిన్న ఇళ్లు, చుట్టాలు మాత్రం ఎక్కువ. అందుకే పాట గరాజ్‌లోకి వచ్చింది. కారు బయటికి తీస్తారు, కార్పెట్ ముక్కలు పరుస్తారు, బీరు కేసు తిరగేస్తే కుర్చీ. పుట్టినరోజైనా, అంత్యక్రియల తర్వాతి రాత్రైనా చివరికి ఒకరు గిటారు అందుకుంటారు.

ఆ గిటారు వాయించే తీరు చూసి తీరాలి. బొటనవేలు లావు తీగను ఒకసారి మీటుతుంది. వెంటనే మిగతా వేళ్లు తీగల మీదుగా కిందికి జారతాయి. జారిన మరుక్షణం అరచేతి అంచు తీగలను అదిమి మోతను తుంచేస్తుంది. ‘జింగ్-అ-జిక్’ అని దానికి అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు. గిటారూ అదే, తబలా కూడా అదే. డ్రమ్ము లేని లోటు ఆ ‘జిక్’ తీరుస్తుంది. తాతల దగ్గర మనవలు చూసి పట్టేస్తారు. నొటేషన్ పుస్తకం ఎవరి దగ్గరా ఉండదు. జిమ్ రీవ్స్, హాంక్ విలియమ్స్, చార్లీ ప్రైడ్ లాంటి కంట్రీ గాయకులందరూ ఆ గరాజుల్లో ఈ ‘జింగ్-అ-జిక్’ లోకే మారిపోతారు. వాళ్లందరి తర్వాత, లేదా వాళ్లందరికన్నా ముందే, ‘టెన్ గిటార్స్’ వస్తుంది.

మద్రాసులో పుట్టినవాళ్లు

‘టెన్ గిటార్స్’ను న్యూజిలాండ్ జనం అనధికార జాతీయ గీతమని సరదాగా అంటారు. పది గిటార్లున్న ఒక మనిషి అందరినీ నాట్యానికి పిలుస్తుంటాడు, అంతే కథ. పెళ్లిళ్లలో, రగ్బీ క్లబ్బుల్లో, బస్సు ప్రయాణాల్లో అది తెలియని మనిషి కనిపించడు. చాలామంది దాన్ని మావోరీ పాటనే అనుకుంటారు.

రాసింది గోర్డన్ మిల్స్. 1935లో మద్రాసులో పుట్టాడు. పాడింది ఎంగెల్బర్ట్ హంపర్‌డింక్. 1936లో మద్రాసులోనే పుట్టాడు, అసలు పేరు ఆర్నాల్డ్ జార్జ్ డోర్సీ. ఇద్దరి తండ్రులూ బ్రిటిష్ సైన్యంలో పనిచేసినవాళ్లే. మిల్స్ వేల్స్‌లో పెరిగాడు, డోర్సీ పదేళ్ల వయసులో కుటుంబంతో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌కు చేరాడు. ఆ మద్రాసు మన మద్రాసే. తెలుగు సినిమాకు స్టూడియోలు, తెలుగు పత్రికలకు అచ్చాఫీసులు ఉన్న ఉమ్మడి రాజధాని. వీళ్లు పుట్టిన కాలంలో అక్కడ తెలుగు టాకీ నడక నేర్చుకుంటోంది.

లండన్‌లో ఇద్దరూ ఒకప్పుడు ఒకే గదిలో అద్దెకున్నారు. మిల్స్ తర్వాత పెద్ద మేనేజరయ్యాడు, టామ్ జోన్స్‌ను పైకి తెచ్చాడు. క్షయ వచ్చి వెనకబడిన పాత మిత్రుడిని 1965లో మళ్లీ పట్టుకుని, పేరు మార్చాడు. కొత్త పేరు ఒక జర్మన్ ఒపెరా స్వరకర్తది. నోరు తిరగని పేరైతే జనం మరిచిపోరని లెక్క. ఆ లెక్క తప్పలేదు.

1967 జనవరిలో ‘రిలీజ్ మి’ వచ్చింది. అది పాప్ గాయకుడి నోట పక్కా కంట్రీ పాట. 1954లో కిట్టీ వెల్స్, రే ప్రైస్ పాడి నాష్‌విల్‌లో హిట్ చేశారు. 1962లో ఎస్తేర్ ఫిలిప్స్ అనే నల్లజాతి గాయని పాడితే ఆర్ అండ్ బీ పట్టికలో మొదటి స్థానానికి పోయింది. ఎంగెల్బర్ట్ చేతిలో అది తీగలు సాగే ఆర్కెస్ట్రా పాటయింది. లండన్ పలేడియం టీవీ కార్యక్రమంలో జబ్బుపడ్డ మరో గాయకుడి బదులు ఎక్కి పాడాక అమ్మకాలు ఆగలేదు. బ్రిటన్‌లో ఆరు వారాలు మొదటి స్థానం. ఆ ఆరు వారాల్లోనే బీటిల్స్ ‘పెన్నీ లేన్’, ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’ రెండు పాటల రికార్డు రెండో స్థానం దగ్గర ఆగిపోయింది. రాక్ చరిత్రకారులు ఈ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ కొంచెం మొహం మాడ్చుకుంటారు.

ఆ రికార్డుకు వెనకవైపు నింపడానికి వేసిన పాటే ‘టెన్ గిటార్స్’. బ్రిటన్ ముందువైపు విన్నది. న్యూజిలాండ్ రికార్డును తిరగేసింది. అమ్మకాల కోసం పెట్టింది ఒకటి, గరాజ్‌లోకి పోయింది ఒకటి. ఎంగెల్బర్ట్ ఆ తర్వాత ‘దేర్ గోస్ మై ఎవ్రీథింగ్’, ‘యామ్ ఐ దట్ ఈజీ టు ఫర్గెట్’ వంటి నాష్‌విల్ పాటలే వరసగా పాడి కోట్లు గడించాడు. టామ్ జోన్స్ ‘గ్రీన్ గ్రీన్ గ్రాస్ ఆఫ్ హోమ్’ సంగతీ అంతే. కౌబాయ్ టోపీ పెట్టకుండా, సూటు బూటుతోనే కంట్రీని అమ్మొచ్చని మద్రాసులో పుట్టిన మేనేజరుకు బాగా తెలుసు.

వాళ్లను ఆనాడు ఎవరూ మీరు కంట్రీవాళ్లేనా అని అడగలేదు. అదెందుకో చూడాలంటే అమెరికా వెళ్లాలి.

కాపలా ఎవరిది?

1920లలో దక్షిణ రాష్ట్రాల పాటలు రికార్డు చేసిన కంపెనీలు సరుకును రెండు జాబితాలుగా విడగొట్టాయి. నల్లవాళ్లవి ‘రేస్ రికార్డులు’, తెల్లవాళ్లవి ‘హిల్‌బిల్లీ రికార్డులు’. అప్పటికి ఊళ్లలో ఇద్దరూ ఒకే పాటలు వాయిస్తున్నారు, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటున్నారు. కార్టర్ ఫ్యామిలీ అనే కంట్రీ బృందం కోసం కొండల్లో తిరిగి పాటలు సేకరించడంలో తోడున్నది లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు. నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఆప్రీ రేడియో వేదిక మీద తొలినాటి తారల్లో ఒకడు డిఫోర్డ్ బెయిలీ, నల్లజాతి హార్మోనికా కళాకారుడు. విడగొట్టింది దుకాణం. తర్వాత ఆ విభజనే చరిత్రని అందరూ నమ్మేశారు.

1962లో రే చార్లెస్ ‘మోడర్న్ సౌండ్స్ ఇన్ కంట్రీ అండ్ వెస్టర్న్ మ్యూజిక్’ చేశాడు. పాప్ గాయకుడు చేసిన కంట్రీ ఆల్బమ్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. జార్జియాలో పుట్టి, ఫ్లోరిడా పల్లెలో ఆప్రీ రేడియో వింటూ పెరిగిన అంధుడు. కుర్రతనంలో తెల్లవాళ్ల హిల్‌బిల్లీ బృందంలో పియానో వాయించాడు. హాంక్ విలియమ్స్, డాన్ గిబ్సన్ పాటలకు బిగ్ బ్యాండ్, వయొలిన్లు, కోరస్ తొడిగాడు. ఆల్బమ్ 14 వారాలు అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది. ‘ఐ కాంట్ స్టాప్ లవింగ్ యూ’ ప్రతి ఇంట్లో మోగింది. కంట్రీ పట్టికలో మాత్రం అది కనిపించలేదు. నాష్‌విల్‌కు డబ్బు తెచ్చిపెట్టిన ఆల్బమ్‌కు నాష్‌విల్ లెక్కల్లో చోటు దొరకలేదు.

రంగు ఒక్కటే కారణం అనుకుంటే మరో కథ వినండి. 1974లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఉత్తమ గాయని బహుమతి ఒలీవియా న్యూటన్-జాన్‌కు ఇచ్చింది. తెల్లమ్మాయే. కానీ ఇంగ్లండ్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో పెరిగిన పాప్ గాయని. పోటీలో డాలీ పార్టన్, లొరెటా లిన్ ఉన్నారు. కొద్దిరోజులకే జార్జ్ జోన్స్, టామీ వైనెట్ ఇంట్లో పాతకాపులు సమావేశమై వేరు సంఘం పెట్టుకున్నారు. మరుసటి ఏడాది వేదిక మీద చార్లీ రిచ్ విజేత పేరున్న కవరు విప్పి, జాన్ డెన్వర్ పేరు చదివి, ఆ కాగితాన్ని లైటర్‌తో అంటించాడు. టీవీలో దేశమంతా చూసింది. తమాషా ఏమిటంటే, ఆ చార్లీ రిచ్ కూడా జాజ్, రాక్ అండ్ రోల్ దారిలోనే వచ్చాడు. ఆలస్యంగా లోపలికొచ్చినవాడే తలుపు గట్టిగా మూస్తాడు. మన సంగీత సభల్లోనూ ఇలాంటివాళ్లను చూశాం.

బియాన్సే వంతు 2016లో వచ్చింది. ‘డాడీ లెసన్స్’ అనే పాటను కంట్రీ బృందం డిక్సీ చిక్స్‌తో కలిసి కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వేదిక మీద పాడింది. ఈమెకు ఇక్కడేం పని అని సోషల్ మీడియాలో తిట్లు. గ్రామీ కమిటీ ఆ పాటను కంట్రీ విభాగంలోకి తీసుకోలేదు. హ్యూస్టన్‌లో పుట్టి, ఆ ఊరి పశువుల సంత, రోడియో చూస్తూ పెరిగిన మనిషి. టెక్సాస్ తనది కాదని టెక్సాస్ పిల్లకే చెప్పారు. కౌబాయ్ కార్టర్‌కు విత్తనం ఆ రాత్రే పడిందని ఆమె మాటల్లో పేరు పెట్టకుండా తెలుస్తూనే ఉంది.

సొరబుర్ర వాయిద్యం

‘టెక్సాస్ హోల్డెమ్’లో బాంజో, వయోలా వాయించింది రియానన్ గిడెన్స్. బాంజో నల్లవాళ్ల వాయిద్యమని ఏళ్లుగా ఊరూరా తిరిగి చెబుతున్న విద్వాంసురాలు. పశ్చిమ ఆఫ్రికాలో సొరబుర్రకు తోలు బిగించి, కర్ర గుచ్చి, తీగలు కట్టిన వాయిద్యాలు బాంజోకు తల్లులు. బానిసలతో పాటు ఆ విద్య ఓడెక్కి వచ్చింది. తర్వాత తెల్లవాళ్లు మొహాలకు మసి పూసుకుని ఆడిన నాటకాల్లో బాంజోను వాయించారు, దాంతో అది వాళ్లదైపోయింది. పాట మొదట్లో ఆ నాలుగు మీటుల్ని గిడెన్స్ చేత వేయించడం ఆల్బమ్‌లోకెల్లా గట్టి వాదన. ఒక్క మాట లేదు అందులో.

ఇది చదువుతుంటే తెలంగాణ పాఠకులకు కిన్నెర గుర్తొచ్చే ఉంటుంది. వెదురు బొంగు, కింద సొరబుర్రలు, మైనంతో నిలిపిన మెట్లు. పన్నెండు మెట్ల కిన్నెర పట్టిన దర్శనం మొగిలయ్యను 2021లో ‘భీమ్లా నాయక్’ పాట కోట్లమందికి చూపించింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పనికి పోతున్నాడని పత్రికలు రాశాయి. ఇటు లిండా మార్టెల్ కథ చూడండి. 1969లో గ్రాండ్ ఓల్ ఆప్రీలో ఒంటరిగా పాడిన తొలి నల్లజాతి మహిళ. 1970లో ‘కలర్ మి కంట్రీ’ అని ఒకే ఒక్క ఆల్బమ్ చేసి, నాష్‌విల్ తలుపులు మూసుకుపోతే సౌత్ కరోలినాకు తిరిగిపోయింది. బతుకుతెరువుకు బస్సు నడిపింది. ఎనభై దాటిన ఆవిడ గొంతును బియాన్సే ఈ ఆల్బమ్‌లో రెండుచోట్ల పెట్టింది. పెద్ద తార పక్కన నిలబెట్టినప్పుడు పాత కళాకారుడి పేరు వెలుగుతుంది. ఇంటి బియ్యం మాటేమిటన్నది నాష్‌విల్‌లోనూ ఫిల్మ్‌నగర్‌లోనూ వేరే లెక్కగానే ఉంది.

ఆల్బమ్ ఎలా ఉందంటారా? పొడుగు ఎక్కువ. 27 ముక్కలు, 78 నిమిషాలు. విల్లీ నెల్సన్ రేడియో జాకీగా, డాలీ పార్టన్ ఫోన్ సందేశంతో, మైలీ సైరస్ జంట గొంతుతో, బీటిల్స్ ‘బ్లాక్‌బర్డ్’తో... పెళ్లి విస్తరిలా అన్నీ వడ్డించారు. ‘16 క్యారేజెస్’, ‘ప్రొటెక్టర్’ మిగిలిపోతాయి. ‘డాటర్’ మధ్యలో హఠాత్తుగా పాత ఇటాలియన్ గీతం అందుకోవడం ఆమెకే చెల్లింది. డాలీ పార్టన్ ‘జోలీన్’ను మార్చి పాడటం మాత్రం నాకు నచ్చలేదు. 1973 నాటి ఆ పాటలో ఒక భార్య తనకన్నా అందగత్తెను నా మగణ్ని తీసుకోవద్దని బతిమాలుతుంది. ఆ నిస్సహాయతే పాటకు ప్రాణం. బియాన్సే పాడినదాంట్లో బతిమాలడం పోయి బెదిరింపు వచ్చింది. మన సవతి పాటల్లోని ఆడవాళ్లకు ఈ రెండూ తెలుసు గానీ, బతిమాలే పాటలే ఎక్కువ కాలం నిలిచాయి.

2024 శరత్కాలంలో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ నామినేషన్లు ప్రకటించింది. బియాన్సేకు ఒక్కటీ లేదు. అదే ఆల్బమ్‌లో పాడి పైకొచ్చిన షబూజీకి మాత్రం దక్కాయి. అతని ‘ఎ బార్ సాంగ్’ ఆ ఏడాది 19 వారాలు అమెరికాలో మొదటి స్థానంలో కూర్చుంది. 2025 ఫిబ్రవరి 2న గ్రామీలో ఉత్తమ కంట్రీ ఆల్బమ్ బహుమతి చదవడానికి వచ్చింది టేలర్ స్విఫ్ట్. కంట్రీ నుంచి పాప్‌లోకి పోయి రాణి అయిన మనిషి. ఆమె బియాన్సే పేరు చదివితే, బియాన్సే నోరు తెరుచుకుని ఉండిపోయిన మొహం ఆ రాత్రి ఫోన్లన్నిట్లో తిరిగింది. ఆ బహుమతి అందుకున్న తొలి నల్లజాతి గాయని. అదే రాత్రి ఏడాది ఉత్తమ ఆల్బమ్ కూడా దానికే. అంతకుముందు అది ఒక నల్లజాతి మహిళకు దక్కింది 1999లో, లారిన్ హిల్‌కు.

కొన్ని నెలలకే గ్రామీ వాళ్లు కంట్రీ ఆల్బమ్ బహుమతిని రెండు చేశారు. ఒకటి సమకాలీన కంట్రీకి, ఒకటి సంప్రదాయ కంట్రీకి. ముందునుంచీ అనుకున్నదే అంటారు. కావచ్చు. 1920ల నాటి రెండు జాబితాలు తెలిసినవాళ్లకు మాత్రం ఒకింత నవ్వొస్తుంది.

కౌబాయ్ టోపీ మనకూ వచ్చింది

మనకు కౌబాయ్ 1971లో వచ్చాడు. కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం. చిరంజీవి ‘కొదమసింహం’, మహేశ్‌బాబు ‘టక్కరి దొంగ’ దాకా గుర్రం, టోపీ, తుపాకీ తిరుగుతూనే ఉన్నాయి. కానీ మనం తెచ్చుకున్నది ఇటలీవాళ్లు తీసిన కౌబాయ్‌ని. అతనితో ఈల వచ్చింది, గుర్రపు డెక్కల మోత వచ్చింది, కంట్రీ పాట రాలేదు. కంట్రీ పాట మనదాకా వచ్చింది వేరే దారిలో, సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్ల ఆంగ్లో ఇండియన్ ఇళ్లలోకి, జిమ్ రీవ్స్ రికార్డుల రూపంలో. క్రిస్మస్ వచ్చిందంటే అక్కడ ఆ మెత్తని గొంతు వినపడేది. రీవ్స్ కూడా పల్లె పాట నుంచి పాప్‌లోకి వంతెన వేసినవాడే.

సంగీతం చదువుకున్న గొంతు పల్లె పాటను ఎత్తుకోవడం మనకు కొత్తేమీ కాదు. కాకినాడలో పుట్టిన వింజమూరి అనసూయాదేవి చెల్లెలు సీతతో కలిసి జానపదాన్ని హార్మోనియం పక్కన కూర్చోబెట్టి రేడియోలో, సభల్లో పాడారు. పొలంలో ఒంగి పాడుకునే పాట సభలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ పాటలన్నీ స్వరపరచి పుస్తకాలు వేశారు. ఆవిడ చివరి ఏళ్లు గడిపింది, 2019లో కన్నుమూసింది హ్యూస్టన్‌లో. బియాన్సే ఊరు. ఒకే పని చేసిన ఇద్దరికీ ఒకే నగరం కలుస్తుందని ఎవరూ అనుకుని ఉండరు.

న్యూజిలాండ్‌లోనూ కంట్రీకి, పాప్‌కు మధ్య అటూఇటూ తిరిగినవాళ్లు చాలామందే ఉన్నారు. నెల్సన్ పట్టణంలో పుట్టిన టెక్స్ మోర్టన్ సిడ్నీ వెళ్లి 1936లో హిల్‌బిల్లీ పాటలు రికార్డు చేసి ఆస్ట్రేలియా కంట్రీకి పునాది వేశాడు. ‘మావోరీ కౌబాయ్’ జానీ కూపర్ 1955లో ‘రాక్ అరౌండ్ ది క్లాక్’ రికార్డు చేసి ఎదురు దిశలో నడిచాడు. 1964లో ‘షీజ్ ఎ మాడ్’తో కుర్రకారును ఊపేసిన రే కొలంబస్ 1980లలో ‘దట్స్ కంట్రీ’ టీవీ కార్యక్రమానికి హోస్టు అయ్యాడు, అది అమెరికాకూ అమ్ముడుపోయింది. నాష్‌విల్‌లో ఇప్పటి పెద్ద తారల్లో ఒకడైన కీత్ అర్బన్ పుట్టింది ఫాంగరేలో. దేశం దక్షిణ కొసన గోర్ పట్టణంలో 1974 నుంచి ఏటా గోల్డ్ గిటార్ పోటీలు జరుగుతున్నాయి. కంట్రీ గాయని తమీ నీల్సన్ 2022లో విల్లీ నెల్సన్‌తో జంటగా పాడింది. 2025 ఏప్రిల్‌లో మార్లన్ విలియమ్స్ మొత్తం మావోరీ భాషలో ఒక ఆల్బమ్ వేశాడు. కంట్రీ గొంతే, భాష మాత్రం తాతలది. దాంట్లో ఒక పాటలో తోడు పాడింది పాప్ తార లోర్డ్.

బియాన్సే కౌబాయ్ కార్టర్ పర్యటన 2025లో అమెరికా, లండన్, పారిస్‌లతో సరిపెట్టుకుంది. ఆక్లాండ్‌కు ఆమె వచ్చి పాడింది 2013లో. ఆ రోజు అరీనా సిబ్బంది హకా అనే మావోరీ నాట్యం చేసి వీడ్కోలు పలికితే, ఆమె కూడా కళ్లు పెద్దవి చేసి నాలుక చాపి జవాబిచ్చింది. ఆ వీడియో ఇప్పటికీ మావోరీ కుర్రాళ్ల ఫోన్లలో ఉంటుంది.

వినాలనుకుంటే

‘కౌబాయ్ కార్టర్’ ఆల్బమ్ మొత్తం ఒక్క దమ్ములో వినక్కర్లేదు. ముందు రే చార్లెస్ 1962 ఆల్బమ్ వినండి, రాత్రి భోజనాలయ్యాక, వెలుతురు తగ్గించి. తర్వాత లిండా మార్టెల్ ‘కలర్ మి కంట్రీ’. ఆ రెండూ విన్న చెవితో ‘16 క్యారేజెస్’ పెట్టండి, బియాన్సే ఎక్కడినుంచి మాట్లాడుతోందో తెలుస్తుంది. గిటారు నేర్చుకుంటున్న పిల్లలుంటే ‘రిలీజ్ మి’ మంచి మొదటి పాఠం. ‘టెన్ గిటార్స్’కు మాత్రం ఎంగెల్బర్ట్ రికార్డు వద్దు. యూట్యూబ్‌లో ఏదైనా మావోరీ కుటుంబం ఫోన్‌తో తీసి పెట్టినది వెతకండి, గిటారు కొంచెం శ్రుతి తప్పినా ఫర్వాలేదు. పాపటోయిటోయిలోనే ఉంటున్నవాళ్లకైతే వెతికే పని కూడా లేదు. పక్కింటివాళ్లు గరాజ్‌లోంచి కారు బయటికి తీసిన రోజు, ఒక ప్లేటు మిరపకాయ బజ్జీలు పట్టుకుని వెళ్లండి. రెండో ప్లేటు అయ్యేలోపు మీ చేతికీ ఒక గిటారు ఇస్తారు. వాయించడం రాదంటే చప్పట్లు కొట్టమంటారు, కోరస్ ఎలాగూ అందరికీ వచ్చేస్తుంది.